జాజ్ కళాకారుల రెండో వాయిద్యం

బిస్మిల్లా ఖాన్ పేరు వింటే షెహనాయి గుర్తుకొస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారంటే వయొలిన్, ఈమని శంకరశాస్త్రి గారంటే వీణ. గొప్ప వాద్యకారుడికీ ఆయన వాయిద్యానికీ ఉన్న సంబంధం మనిషికీ గొంతుకీ ఉన్న సంబంధం లాంటిది. అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతంలోనూ ఇంతే. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంటే ట్రంపెట్, చార్లీ పార్కర్ అంటే ఆల్టో శాక్సఫోన్, చార్లెస్ మింగస్ అంటే బాస్.

అయితే జాజ్ కళాకారుల్లో చాలామంది ఏదో ఒక రోజున రికార్డింగ్ స్టూడియోలో తమకు పేరు తెచ్చిన వాయిద్యాన్ని పక్కన పెట్టి వేరేది చేతపట్టారు. ఎందుకు? అలా పట్టినప్పుడు వాళ్ల సంగీతంలో ఏం మిగిలింది, ఏం పోయింది? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం. వెతుకుతూ పోతే ఇది సంగీతం దగ్గరే ఆగదు. ఏ వాయిద్యం ఎవరి చేతికి రావాలో ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న కూడా ఎదురవుతుంది.

జాజ్ అంటే ఏమిటి?

అమెరికా దక్షిణ ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్ అనే ఓడరేవు పట్టణం ఉంది. బానిసత్వం రద్దయిన తర్వాతి తరాల నల్లజాతి ప్రజలు 20వ శతాబ్దం ఆరంభంలో ఆ పట్టణంలో రూపుదిద్దిన సంగీతమే జాజ్. తొలినాళ్లలో వాళ్లు వాడిన కార్నెట్, ట్రాంబోన్, క్లారినెట్, డ్రమ్ములు మనకు కొత్తవేమీ కావు. మన ఊళ్లలో పెళ్లికీ ఊరేగింపుకీ వచ్చే బ్యాండ్ మేళంలోనివి దాదాపు ఇవే. అక్కడా ఆ బ్యాండ్లు ఊరేగింపుల్లో, అంత్యక్రియల్లో వాయించేవి.

జాజ్‌కు ప్రాణం ఆశువుగా వాయించడం. అందరికీ తెలిసిన ఒక పాటను తీసుకుంటారు. దాని వరస, తాళం అలాగే ఉంచి, ఒక్కొక్కరూ తమకు ఆ క్షణాన తోచిన స్వరాలు అల్లుతారు. మన అవధానంలో కవి ఇచ్చిన ఛందస్సులో అప్పటికప్పుడు పద్యం చెప్పినట్టు అన్నమాట. కనుక జాజ్‌లో ఎవరి వాదన వారిదే. రెండు మూడు స్వరాలు వినగానే వాయించేది ఎవరో శ్రోతలు గుర్తుపడతారు. అందుకే వాయిద్యం మార్చడమంటే ఆ గుర్తింపును పణంగా పెట్టడమే.

వాయిద్యాల గురించి కొంచెం

ముందుకు వెళ్లేముందు మూడు విషయాలు తెలుసుకోవాలి.

మొదటిది, శాక్సఫోన్ ఒక్కటి కాదు, ఒక కుటుంబం. చిన్నది సొప్రానో, తర్వాత ఆల్టో, ఆ తర్వాత టెనర్, ఇంకా పెద్దది బారిటోన్. అన్నింటిలో వేళ్ల పట్టు ఒకటే. కానీ ఆల్టోలో 'స' పలికించే వేళ్లే టెనర్‌లో కింది స్థాయి 'ప' పలికిస్తాయి. మనిషి అదే, చొక్కా సైజు వేరు. కాబట్టి ఈ కుటుంబంలో ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం వేళ్లకు సులభం. ఊపిరికీ పెదవులకూ మాత్రం అంత సులభం కాదు.

రెండోది, తంత్రీ వాయిద్యాల సంగతి. వయొలిన్‌కు పెద్దన్న లాంటిది చెల్లో. కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టి, కమానుతో వాయిస్తారు. దానికంటే పెద్దది డబుల్ బాస్. మనిషెత్తు దాటి ఉంటుంది, జాజ్‌లో ఎక్కువగా వేళ్లతో మీటుతారు. చెల్లో తంత్రులను స-ప దూరంలోనూ, బాస్ తంత్రులను స-మ దూరంలోనూ శ్రుతి చేస్తారు. చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా ఒకదాని వేళ్ల లెక్క ఇంకోదానికి సరిపోదు.

మూడోది, పియానో. ట్రంపెట్‌లో ఒక స్వరం నిలకడగా రావడానికే పెదవులకు నెలల తరబడి సాధన కావాలి. పియానో మెట్టు నొక్కితే ఎవరికైనా స్వరం పలుకుతుంది. పైగా పది వేళ్లతో పది స్వరాలు కలిపి వినవచ్చు. పాట నిర్మాణమంతా కళ్లముందు పరచినట్టు కనిపిస్తుంది. అందుకే జాజ్ కళాకారులు చాలామందికి ఏ వాయిద్యం సొంతమైనా పియానో కొంతైనా వస్తుంది. బిక్స్ బైడర్‌బెక్ అనే కార్నెట్ కళాకారుడు 1927లో 'ఇన్ ఎ మిస్ట్' అనే తన రచనను పియానో మీద ఒంటరిగా రికార్డు చేశాడు. ఆయన స్వరకల్పనను లోతుగా తెలుసుకోవాలంటే ఈనాటికీ ఆ పియానో రికార్డే వింటారు.

ఖాళీగా ఉన్న కుర్చీ

వాయిద్యం మారడానికి అన్నింటికంటే మామూలు కారణం అవసరం. బృందంలో ఏ కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చోవాలి.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితం ఇలాగే మొదలైంది. 1901లో న్యూ ఆర్లీన్స్‌లో కడు పేద కుటుంబంలో పుట్టాడు. కొత్త సంవత్సరం రాత్రి వీధిలో పిస్తోలు పేల్చినందుకు 1913 జనవరిలో ఆ పిల్లవాణ్ణి నల్లజాతి బాలుర కోసం నడిపే ఒక సంరక్షణ గృహానికి పంపారు. అక్కడ బ్యాండ్ ఉండేది. మొదట చేతికి ఇచ్చింది తాంబురీన్. తర్వాత ఆల్టో హార్న్, ఆ తర్వాత బ్యూగిల్, చివరికి కార్నెట్. ఏ వాయిద్యం ఇస్తే దాన్ని నేర్చుకుంటూ ఒక్కో మెట్టు ఎక్కాడు. కార్నెట్ నుంచి ట్రంపెట్‌కు మారింది పెద్దయ్యాకే.

చార్లీ పార్కర్ 1942 చివర్లో ఎర్ల్ హైన్స్ బృందంలో చేరినప్పుడు అక్కడ ఆల్టో స్థానం ఖాళీ లేదు, టెనర్ స్థానం ఉంది. ఆల్టోలో అప్పటికే అసాధారణ ప్రతిభ చూపిన ఆ యువకుడు టెనర్ పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజుల్లో సంగీతకారుల సంఘం రికార్డింగ్ కంపెనీలపై సమ్మె చేస్తుండటం వల్ల ఆ బృందం సంగీతం మార్కెట్లోకి రికార్డులుగా రాలేదు. అయితే 1947 ఆగస్టు 14న పార్కర్ మళ్లీ టెనర్ పట్టాడు, ఈసారి స్టూడియోలో. ఆ రోజు బృంద నాయకుడు పార్కర్ కాదు, అప్పటిదాకా పార్కర్ బృందంలో పనిచేస్తూ వచ్చిన 21 ఏళ్ల మైల్స్ డేవిస్. రికార్డు చేసిన వాటిలో 'మైల్‌స్టోన్స్', 'హాఫ్ నెల్సన్' ఉన్నాయి. ఆల్టోలో నిప్పురవ్వల్లా చిందే పార్కర్ స్వరాలు ఇక్కడ బరువుగా, నెమ్మదిగా వినిపిస్తాయి. కానీ వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నిర్ణయించే పద్ధతి మాత్రం పార్కర్‌దే. మారింది గొంతు, మారనిది మాట తీరు.

1945 నవంబర్ 26న పార్కర్ తన పేరుతో రికార్డింగ్ పెట్టుకున్నాడు. రావాల్సిన పియానో కళాకారుడు బడ్ పవెల్ రాలేదు. ట్రంపెట్‌కు పేరుగాంచిన డిజ్జీ గిలెస్పీ ఆ రోజు చాలా పాటలకు పియానో ముందు కూర్చున్నాడు. జాజ్ చరిత్రను మలుపు తిప్పిన 'కో-కో' రికార్డు ఆ రోజు తయారైనదే. అందులో మాత్రం గిలెస్పీ ట్రంపెట్ కూడా వాయించాడు. గిలెస్పీకి పియానో రాకపోయి ఉంటే ఆ రోజు రికార్డింగ్ సగంలో నిలిచిపోయేది.

జాన్ కోల్ట్రేన్ కథ ఇంకొక రకం. చదువుకునే రోజుల్లో ఆయనది ఆల్టో. 1948లో ఎడ్డీ విన్సన్ బృందంలో చేరాడు. విన్సన్ స్వయంగా ఆల్టో వాయించేవాడు కాబట్టి కోల్ట్రేన్‌కు టెనర్ మిగిలింది. లోకం తర్వాత ఆయన్ని టెనర్ కళాకారుడిగానే ఎరిగింది. 1958 జనవరిలో జీన్ ఆమన్స్ అనే టెనర్ కళాకారుడి రికార్డింగ్‌లో కోల్ట్రేన్ మళ్లీ ఆల్టో పట్టాడు. శ్రోతలకు అది కొత్త. ఆయనకు మాత్రం పాత ఇంటికి వెళ్లినట్టే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మనం 'రెండో వాయిద్యం' అనుకునేది చాలాసార్లు ఆ కళాకారుడికి మొదటి వాయిద్యం. అవసరం వల్ల పక్కన పెట్టింది. డ్రమ్స్‌లో ప్రపంచ ప్రసిద్ధుడైన జాక్ డిజానెట్ 1985లో పియానో ఆల్బం తీసుకొస్తే చాలామంది ఆశ్చర్యపోయారు. నిజానికి చిన్నతనంలో ఆయన నేర్చుకున్నది పియానోయే.

అనుకోకుండా దొరికినవి

కొన్నిసార్లు వాయిద్యం దానంతట అదే ఎదురవుతుంది. 1930 అక్టోబర్‌లో లాస్ ఏంజెలిస్‌లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డింగ్ జరుగుతోంది. వెనుక డ్రమ్స్ వాయించే కుర్రవాడు లయొనెల్ హాంప్టన్. స్టూడియోలో ఒక మూల వైబ్రఫోన్ ఉంది. లోహపు పలకలను చిన్న సుత్తుల్లాంటి కర్రలతో కొట్టి వాయించే వాయిద్యమది. పలకల కింది గొట్టాల్లో మోటారుతో తిరిగే రెక్కలు నాదాన్ని అలలుగా కదిలిస్తాయి. అప్పటికి అది కొత్త వస్తువు. దీన్ని వాయించగలవా అని ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగాడు. హాంప్టన్ చిన్నప్పుడు జైలోఫోన్ నేర్చుకున్నాడు, దాని పలకల వరస ఇలాగే ఉంటుంది. 'మెమొరీస్ ఆఫ్ యూ' అనే పాటకు ఆ రోజు వైబ్రఫోన్ వాయించాడు. ఆ తర్వాత అదే ఆయన ప్రధాన వాయిద్యమైంది. 1936లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. నల్లవారూ తెల్లవారూ ఒకే వేదికపై కలిసి వాయించడం అరుదైన ఆ రోజుల్లో ఇద్దరు తెల్లవారు, ఇద్దరు నల్లవారు ఉన్న నలుగురి బృందమది.

ఆస్కార్ పెటిఫోర్డ్‌కు కొత్త వాయిద్యం దెబ్బ రూపంలో వచ్చింది. ఆయన బాస్‌లో తన తరానికి మార్గదర్శి. 1949లో బంతాట ఆడుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మనిషెత్తు బాస్ వాయించే స్థితి లేదు. మిత్రుడి దగ్గర ఒక చెల్లో తీసుకుని సాధన మొదలుపెట్టాడు. అయితే తెలివైన పని ఒకటి చేశాడు. చెల్లో తంత్రులను చెల్లో పద్ధతిలో కాకుండా బాస్ లాగా స-మ దూరంలో శ్రుతి చేసుకున్నాడు. దాంతో వేళ్లు ఏళ్ల తరబడి నేర్చిన లెక్క వృథా కాలేదు. 1950లో డ్యూక్ ఎల్లింగ్టన్ పియానో వాయించగా ఆయన చెల్లో రికార్డులు వెలువడ్డాయి. చెయ్యి బాగుపడ్డాక కూడా చెల్లోను వదల్లేదు. కొత్తది నేర్చుకోవడమంటే పాతదంతా పారేయడం కాదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మూసిన తలుపు

అవసరం, అనుకోనిది అయ్యాయి. మూడో కారణం వీటికంటే బరువైనది. చెల్లో నేర్చుకున్న పిల్లవాడు బాస్ ఎందుకు పట్టుకోవలసి వచ్చిందన్నదే ఈ కథ.

చార్లెస్ మింగస్ 1922లో పుట్టాడు. లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్ ప్రాంతంలో పెరిగాడు. మొదట ట్రాంబోన్, తర్వాత చెల్లో నేర్చుకున్నాడు. చెల్లోలో మంచి ప్రవేశం సంపాదించాడు. చెల్లోకు చోటున్నది పాశ్చాత్య శాస్త్రీయ సంగీత బృందాల్లో, అంటే సింఫనీ ఆర్కెస్ట్రాల్లో. ఆ ఆర్కెస్ట్రాలు నల్లవారిని తీసుకునేవి కావు. మిత్రుడు బడ్డీ కొలెట్ ఈ వాస్తవం చెప్పి, బాస్‌కు మారమని సలహా ఇచ్చాడు. బాస్ అయితే జాజ్ బృందంలో పని దొరుకుతుంది. మింగస్ మారాడు. మారి, జాజ్ చరిత్రలోనే అతి గొప్ప బాస్ కళాకారుల్లో ఒకడయ్యాడు. కానీ చెల్లో ఆయన మనసులోంచి పోలేదు. 1959లో చేసిన 'మింగస్ డైనాస్టీ' రికార్డులో కొన్ని పాటలకు ఇద్దరు చెల్లో కళాకారులను కూర్చోబెట్టాడు.

ఇదే కథ 15 ఏళ్ల తర్వాత రాన్ కార్టర్ విషయంలో మళ్లీ జరిగింది. 1937లో మిషిగన్ రాష్ట్రంలో పుట్టిన కార్టర్ పదేళ్ల వయసులో చెల్లో మొదలుపెట్టాడు. డెట్రాయిట్‌లో ఉన్నత పాఠశాలలో చదివేటప్పుడు ఒక సంగతి గమనించాడు. బయటి కార్యక్రమాలకు తెల్ల విద్యార్థులను పంపుతున్నారు, తనను పిలవడం లేదు. బాస్ వాయించేవాళ్లు తక్కువగా ఉన్నారు కాబట్టి అందులోనైనా చోటు దొరుకుతుందని 17వ ఏట బాస్ పట్టాడు. రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ సంగీత కళాశాలలో చదివి 1959లో డిగ్రీ పొందాడు. 1961లో న్యూయార్క్‌లో మాస్టర్స్ డిగ్రీ కూడా పూర్తి చేశాడు. ఈస్ట్‌మన్‌లో ఉండగా ప్రసిద్ధ సంగీత నిర్దేశకుడు లియోపోల్డ్ స్టోకోవ్‌స్కీ ఆయన వాదన విన్నాడు. తాను నిర్దేశించే హ్యూస్టన్ ఆర్కెస్ట్రాలోకి తీసుకోవాలని ఉన్నా, నల్లవాణ్ణి తీసుకోవడానికి అక్కడి పాలకమండలి సిద్ధంగా లేదని చెప్పాడు. ఈ సంగతి కార్టరే తర్వాత పలుమార్లు చెప్పుకున్నాడు. చెల్లోకు మూసుకున్న తలుపు బాస్‌కూ తెరుచుకోలేదన్నమాట. వాయిద్యం మారినంత మాత్రాన చర్మం రంగు మారదు కదా!

ఇది ఒక్కరిద్దరి దురదృష్టం కాదు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ అనే సుప్రసిద్ధ ఆర్కెస్ట్రా 1842లో ఏర్పడింది. అందులో మొదటి నల్లజాతి శాశ్వత సభ్యుడిగా వయొలిన్ కళాకారుడు శాన్‌ఫోర్డ్ ఆలెన్ చేరింది 1962లో. మధ్యలో 120 ఏళ్లు గడిచాయి. 1969లో కోల్ట్రేన్‌తో కలిసి వాయించిన బాస్ కళాకారుడు ఆర్ట్ డేవిస్, చెల్లో కళాకారుడు ఎర్ల్ మాడిసన్ ఈ ఆర్కెస్ట్రాపై న్యూయార్క్ నగర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. మమ్మల్నీ మీ సభ్యులనూ తెర వెనుక కూర్చోబెట్టి వాయించమనండి, ఎవరు మేలో చెవులతో తేల్చండి అన్నది వాళ్ల కోరిక. మన పరీక్ష పేపరు మీద పేరు బదులు నంబరు వేసినట్టే ఇది. వీళ్లిద్దరికీ ఉద్యోగం ఇవ్వకపోవడంలో వివక్ష రుజువు కాలేదనీ, తాత్కాలిక వాద్యకారులను పిలవడంలో మాత్రం వివక్ష ఉందనీ 1970లో కమిషన్ తేల్చింది. తెర వెనుక ఎంపిక పద్ధతి 1970ల నుంచి అమెరికా ఆర్కెస్ట్రాల్లో వ్యాపించింది. ఆర్ట్ డేవిస్ మాత్రం ఆ పోరాటం తర్వాత సంగీతంలో పని దొరకడం కష్టమై మళ్లీ చదువు మొదలుపెట్టాడు. 1981లో మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొందాడు. బాస్‌నూ వదల్లేదు.

మన ఊళ్లలో డప్పు ఎవరి చేతికి ఇవ్వాలో, వీణ ఎవరి ఇంట్లో ఉండాలో చాలాకాలం కులమే నిర్ణయించింది. కనుక వాయిద్యానికి రంగు అంటగట్టడమంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు రాన్ కార్టర్ రికార్డుల దగ్గరికి వద్దాం. 1960 ఆగస్టులో ఎరిక్ డాల్ఫీ నాయకత్వంలో 'అవుట్ దేర్' అనే ఆల్బం రికార్డు అయింది. అందులో పియానో లేదు. బాస్ వాయించింది జార్జ్ డ్యువీవియే. కార్టర్ చేతిలో ఉన్నది చెల్లో! డాల్ఫీ శాక్సఫోన్ పక్కనే, సమానంగా నడిచే రెండో గొంతుగా అది వినిపిస్తుంది. మరుసటి ఏడాది తన పేరుతో వచ్చిన తొలి ఆల్బం 'వేర్?' లోనూ కార్టర్ బాస్‌తో పాటు చెల్లో వాయించాడు. ఆర్కెస్ట్రా కుర్చీ ఇవ్వకపోయినా ఆ వాయిద్యాన్ని తనకు చోటున్న సంగీతంలోకి తెచ్చుకున్నాడు. 1963 నుంచి 1968 వరకు మైల్స్ డేవిస్ బృందంలో బాస్ వాయించాడు. 2015 నాటికి 2,221 రికార్డింగుల్లో ఆయన వాదన ఉందని గిన్నిస్ సంస్థ లెక్కగట్టింది. జాజ్‌లో ఇంకే బాస్ కళాకారుడికీ అన్ని లేవు.

నాయకుడు పియానో ముందు కూర్చుంటే

మింగస్ విషయంలో ఇంకో ముచ్చట ఉంది. 1961 నవంబర్‌లో 'ఓ యా' అనే ఆల్బం రికార్డింగ్‌కు ఆయన తన బాస్‌ను డగ్ వాట్కిన్స్‌కు అప్పగించి, తాను పియానో వాయిస్తూ పాడాడు. 1963 జులైలో ఏకంగా పియానో ఒక్కదానితోనే 'మింగస్ ప్లేస్ పియానో' రికార్డు చేశాడు. పియానోలో ఆయన వేళ్లకు వృత్తి కళాకారుల వేగం లేదు. అయినా ఆ రికార్డుకు విలువ తగ్గలేదు. మింగస్ గొప్ప స్వరకర్త కూడా. బాస్‌లో మనకు ఆయన వినిపించేది పాట పునాది. పియానోలో ఇంటి నమూనా మొత్తం ఎలా గీసుకుంటాడో వినిపిస్తుంది. ఒక స్వరం దగ్గర ఆగడం, వద్దనుకుని వెనక్కి రావడం, మళ్లీ ఇంకో దారి పట్టడం అన్నీ తెలుస్తాయి.

ఇందుకు వ్యతిరేక దిశలో ఎర్ల్ హైన్స్ ఉదాహరణ ఉంది. ఈయన చిన్నప్పుడు కార్నెట్ ఊదాడు. తర్వాత పియానో కళాకారుడయ్యాడు. బృందం హోరులో పియానో వినబడాలని కుడిచేత్తో ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి ట్రంపెట్ పిలుపులా మోగించేవాడు. దానికి 'ట్రంపెట్ శైలి పియానో' అనే పేరు స్థిరపడింది. వదిలేసిన వాయిద్యం పట్టుకున్న వాయిద్యంలో వినిపించడమంటే ఇదే.

ఒక్కడే ఆరుగురు

1941 ఏప్రిల్‌లో సిడ్నీ బెషే ఒక వింత ప్రయోగం చేశాడు. ఈయన అసలు వాయిద్యం క్లారినెట్. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత లండన్‌లో సొప్రానో శాక్సఫోన్ కొనుక్కుని దాన్ని జాజ్‌లో పేరున్న వాయిద్యంగా చేసింది ఈయనే. 'ది షేక్ ఆఫ్ అరబీ' అనే పాటకు క్లారినెట్, సొప్రానో, టెనర్, పియానో, బాస్, డ్రమ్స్ ఆరింటినీ తానే వాయించాడు.

అప్పటికి స్టూడియోల్లో టేపు లేదు. మొదట ఒక వాయిద్యాన్ని డిస్క్ మీద రికార్డు చేశారు. ఆ డిస్క్‌ను మోగిస్తూ, దానికి తోడుగా రెండో వాయిద్యం వాయిస్తే రెండూ కలిసి కొత్త డిస్క్ మీదికి ఎక్కాయి. ఇలా ఒకదాని మీద ఒకటి. జిరాక్సుకు జిరాక్సు తీస్తే అక్షరం మసకబారినట్టు ప్రతిసారీ ముందు వాయించినది కొంత మసకబారేది. మధ్యలో తప్పు చేస్తే ఆ వరస మొత్తం మళ్లీ వాయించాలి. రికార్డులో వెనుక వాయిద్యాలు దూరం నుంచి వినబడటానికి కారణం ఇదే. ఇప్పుడు కంప్యూటరు మీద ఎవరైనా చేయగలిగిన పనిని ఆయన అలా చేశాడు.

అయితే ఈ రికార్డులో ఒక లోటు కూడా ఉంది. జాజ్ అంటే ఒకరి మాటకు ఇంకొకరు బదులివ్వడం. ఇక్కడ ముందు వాయించిన పియానోకు తర్వాత రాబోయే క్లారినెట్ ఏం చేస్తుందో తెలియదు. ఒకవైపు నుంచే సంభాషణ నడుస్తుంది. ఆరు వాయిద్యాలు వచ్చినవాడికి కూడా తోటివాళ్లు కావాలని ఈ రికార్డు చెబుతోంది.

మళ్లీ మొదటి నుంచి

చివరి కారణం అన్నింటికంటే వివాదాస్పదమైనది. ఆర్నెట్ కోల్‌మన్ టెక్సాస్‌లో 1930లో పుట్టిన ఆల్టో కళాకారుడు. 1950ల చివర్లో జాజ్ నియమాలను కదిలించాడు. 1962 డిసెంబర్ తర్వాత రెండేళ్లపాటు వేదికకు దూరంగా ఉన్నాడు. 1965లో తిరిగి వచ్చేసరికి ఆల్టోతో పాటు ట్రంపెట్, వయొలిన్ చేతిలో ఉన్నాయి. రెండూ తనంతట తాను నేర్చుకున్నవే. వయొలిన్ కమానును ఎడమ చేత్తో పట్టేవాడు. సంప్రదాయ శిక్షణ కావాలనే తీసుకోలేదు. 1965 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో చేసిన కచేరీ రికార్డులో ఈ రెండు వాయిద్యాలూ వినవచ్చు. 1966లో రికార్డు చేసిన 'ది ఎంప్టీ ఫాక్స్‌హోల్' ఆల్బంలో డ్రమ్స్ వాయించింది ఆయన పదేళ్ల కొడుకు డెనార్డో. 1967లో జాకీ మెక్‌లీన్ రికార్డు 'న్యూ అండ్ ఓల్డ్ గాస్పెల్'లో కోల్‌మన్ ఆల్టో ముట్టనే లేదు, ట్రంపెట్ మాత్రమే వాయించాడు.

దీన్ని చాలామంది తప్పుపట్టారు. ఏళ్ల తరబడి ట్రంపెట్‌కు పెదవులు అరగదీసుకున్నవాళ్లను ఇది అవమానించడమేనని మైల్స్ డేవిస్ భావించాడు. తన ఆత్మకథలోనూ ఆ సంగతి రాశాడు. ఆ మాటలో న్యాయం ఉంది. కష్టపడి నేర్చిన విద్యకు విలువ లేకపోతే నేర్చుకునేవాడెవడు?

కోల్‌మన్ వైపు వాదన కూడా వినాలి. ఆల్టో పట్టగానే వేళ్లు అలవాటైన దారిలో పోతాయి. ఇరవై ఏళ్ల సాధన ఇచ్చిన నేర్పు కొన్నిసార్లు గాడిలా మారుతుంది. అలవాటు లేని వాయిద్యంలో దాక్కోవడానికి గాడి ఉండదు. అప్పుడు మిగిలేది వినే చెవి, ఆలోచించే మనసు మాత్రమే. నా అభిప్రాయంలో ఆయన ట్రంపెట్ ఆల్టోకు సాటి రాదు. కానీ ఆ ప్రయోగాలు చేసే ధైర్యమే ఆల్టోలోనూ ఆయన్ని చివరిదాకా కొత్తగా ఉంచింది. 2007లో 'సౌండ్ గ్రామర్' ఆల్బంకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో కూడా ఆల్టో, ట్రంపెట్, వయొలిన్ మూడూ ఉన్నాయి.

తేలినదేమిటి?

ఒకటి: వాయిద్యం మారితే చేతి నేర్పులో చాలా భాగం పోతుంది, చెవి నేర్పు పోదు. పార్కర్ టెనర్‌లోనూ పార్కరే.

రెండు: పాత నేర్పును కొత్తదానికి అతికించడం ఒక కళ. పెటిఫోర్డ్ శ్రుతి మార్చినట్టు, హైన్స్ కార్నెట్ పిలుపును పియానోకు ఎక్కించినట్టు.

మూడు: ఎవరి వాయిద్యం ఏదన్నది చాలాసార్లు ప్రతిభ తేల్చదు. ఖాళీ కుర్చీ, జేబులో డబ్బు, చర్మం రంగు తేలుస్తాయి. దాన్ని 'సహజ అభిరుచి' అని తర్వాత చరిత్ర రాస్తుంది. నల్లవారికి బాస్ సహజంగా అబ్బుతుందని ఎవరైనా అంటే, చెల్లో కుర్చీ ఎవరు ఇవ్వలేదో అడగాలి.

మన హాస్టళ్లలో చదివేవారిలో ఇష్టపడి గ్రూపు తీసుకున్నవారి కంటే సీటు దొరికిన గ్రూపులో చేరినవారే ఎక్కువ. ఫీజు లేని కోర్సు, దగ్గరున్న కాలేజీ, త్వరగా ఉద్యోగం వస్తుందని ఎవరో చెప్పిన మాట మనకు వాయిద్యాన్ని ఇచ్చాయి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దొరికిన వాయిద్యాన్ని మింగస్‌లా, కార్టర్‌లా నిండుగా నేర్చుకోండి. అందులో అలక్ష్యం వద్దు. కానీ పక్కన పెట్టిన మొదటి వాయిద్యాన్ని అటక మీదే మరచిపోవద్దు. దాన్ని అటక ఎక్కించింది మన అసమర్థత అని ఎప్పుడూ నమ్మవద్దు.

వినదలచినవారికి

ఈ రికార్డులు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. ఈ వరసలో వింటే బాగుంటుంది. ముందు చార్లీ పార్కర్ ఆల్టో రికార్డు ఏదైనా ఒకటి విని, వెంటనే 1947 నాటి 'హాఫ్ నెల్సన్' వినండి. గొంతు మారినా మనిషిని గుర్తుపట్టగలరేమో చూసుకోండి. తర్వాత బెషే 'షేక్ ఆఫ్ అరబీ'లో ఆరు వాయిద్యాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. మూడోసారి మింగస్ పియానో వినండి, ఎక్కడెక్కడ ఆగి ఆలోచించాడో గమనించండి. చివరగా 'అవుట్ దేర్' పెట్టండి. మొదట అర్థం కాకపోయినా రెండుసార్లు వినండి. శాక్సఫోన్ పక్కన కమానుతో పలికే ఆ లోతైన తంత్రీనాదం రాన్ కార్టర్‌ది. రికార్డు అట్టమీద అది బాస్ కళాకారుడి రెండో వాయిద్యం. పదేళ్ల వయసు నుంచీ ఆయన వాయించిన మొదటి వాయిద్యం అదే.